పిన్ను మొన ఎక్కడ ఆనాలి?

వెబ్ మ్యాపుల మీద మనం రోజూ చూసే ఎర్ర పిన్నుకి పుట్టిల్లు మా సిడ్నీయే. లార్స్, జెన్స్ రాస్ముస్సెన్ అన్నదమ్ములు, నోయెల్ గోర్డన్, స్టీఫెన్ మా కలిసి ఇక్కడ నడిపిన చిన్న కంపెనీ వేర్ టూ టెక్నాలజీస్‌ని 2004లో గూగుల్ కొనేసింది. 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వచ్చింది. పిన్ను ఆకారం జెన్స్ ఆలోచన. దాని గొప్పంతా మొనలోనే ఉంది: చోటుని చూపిస్తుంది కానీ కప్పెయ్యదు.

అదే ఏడు జూన్‌లో ఏపీఐ ఇచ్చాక, పిన్ను బదులు మనకి నచ్చిన బొమ్మ పెట్టుకునే వీలు కలిగింది. గుడికి గోపురం, క్రికెట్ గ్రౌండుకి బ్యాటు. కోడు నాలుగు లైన్లే. చిక్కంతా యాంకర్ దగ్గర వస్తుంది.

బొమ్మలోని ఏ పిక్సెల్ అసలు చోటు మీద ఆనాలో చెప్పేదే యాంకర్. 32 పిక్సెళ్ల చదరపు బొమ్మ తీసుకుందాం. మనం ఏమీ చెప్పకపోతే గూగుల్ దాని అడుగు అంచు మధ్యని చోటు మీద ఆనిస్తుంది. లీఫ్‌లెట్‌లో సైజు మాత్రమే ఇచ్చి ఊరుకుంటే బొమ్మ నడిబొడ్డుని ఆనిస్తుంది. కాబట్టి గుండ్రటి బొమ్మ గూగుల్‌లో 16 పిక్సెళ్లు పైకి, పిన్ను మొన లీఫ్‌లెట్‌లో 16 పిక్సెళ్లు కిందికి జరుగుతాయి.

పదహారేగా అనుకోకండి. మెల్‌బోర్న్ దగ్గర జూమ్ 16లో అది సుమారు 30 మీటర్లు. జూమ్ 10లో దాదాపు 2 కిలోమీటర్లు! మనం దగ్గర జూమ్‌లో టెస్టు చేసి సరిపోయిందనుకుంటాం. జనం దూరం జూమ్‌లో చూస్తారు.

హోటలు మ్యాపయితే ఎవరికీ నష్టం లేదు. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియాలో కార్చిచ్చులు 173 మందిని పొట్టనబెట్టుకున్నాయి. అప్పుడు ఇక్కడి గూగుల్ ఇంజనీర్లు అగ్నిమాపక శాఖ సమాచారంతో మంటల మ్యాపు తయారుచేశారు. అలాంటి మ్యాపు మీద 2 కిలోమీటర్ల తేడా అంటే, మంట మన ఊరి వైపుందో కొండకి అవతలుందో తెలియకపోవడమే.

రంగు సంగతీ అంతే. 2019-20 కార్చిచ్చుల మీద వేసిన రాయల్ కమిషన్, దేశమంతటికీ ఒకే హెచ్చరికల పద్ధతిని త్వరగా అమలు చెయ్యమని 2020లో చెప్పింది. ఆ పద్ధతిలో గుర్తులు త్రికోణాలు. పసుపు అంటే అడ్వైస్, నారింజ అంటే వాచ్ అండ్ యాక్ట్, ఎరుపు అంటే ఎమర్జెన్సీ వార్నింగ్. లోపల మంటో వరదో తెలిపే బొమ్మ. రంగులు సరిగా కనబడని వాళ్లకి పేరు, బొమ్మ ఉన్నాయి.

గూగుల్ పాత మార్కర్‌ని 2024 ఫిబ్రవరిలో పక్కన పెట్టి, దాని చోట అడ్వాన్స్‌డ్ మార్కర్‌ని వాడమంటోంది. అందులో ఏ హెచ్‌టీఎంఎల్ ముక్కయినా పెట్టొచ్చు. అక్కడా మనం చెప్పకపోతే ఆనేది అడుగు అంచే.

అందుకని సైజు, యాంకర్ రెండూ మీరే ఇవ్వండి. జూమ్ 10కి వెళ్లి బొమ్మ కదిలిందేమో చూడండి. ఒకసారి స్క్రీన్‌ని నలుపు తెలుపులో పెట్టి చూడండి. బొమ్మ ఎలా ఉండాలన్నది మన ఇష్టం. అది ఎక్కడ ఆనాలన్నది మాత్రం చూసేవాళ్ల అవసరం.