షరతులన్నీ డాక్టరుకేనా?

విదేశాల్లో చదివొచ్చిన యువ వైద్యులు ఒకవైపు, వైద్యుల కోసం చూస్తున్న పాలమూరు పల్లెలు మరోవైపు. మధ్యలో ఉన్నవి నిబంధనలే.

అలంపూర్‌లో నొప్పులు మొదలైతే బండి తుంగభద్ర దాటి కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్తుంది. రాష్ట్రాలు విడిపోయినా ఆ దారి మారలేదు. గద్వాల వైపు కొందరికి రాయచూరు దిక్కు. అచ్చంపేట, కొల్లాపూర్ వాళ్లకు ఆ రెండూ లేవు, మహబూబ్‌నగరో హైదరాబాదో పోవాలి. అమ్రాబాద్ అడవి లోపలి చెంచుపెంటల వాళ్లకైతే మన్ననూరు రావడమే ఓ ప్రయాణం.

2016 అక్టోబర్‌లో పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విడి జిల్లాలయ్యాయి. 2022 నవంబర్‌లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 150 సీట్ల చొప్పున ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. 2024లో గద్వాలకు 50 సీట్ల కళాశాల వచ్చింది. మంచిదే. కానీ పల్లెలోని సర్కారు దవాఖాన గేటు దగ్గర వినిపించే ప్రశ్న పాతదే: ‘సారు ఉన్నడా?’

అదే సమయంలో కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్, జార్జియాల్లో చదివి తిరిగొచ్చిన మన పిల్లలు హైదరాబాద్ హాస్టళ్లలో కోచింగ్ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. వాళ్లు దాటాల్సిన మొదటి గడప ఎఫ్‌ఎంజీఈ, అంటే విదేశీ వైద్య పట్టభద్రుల పరీక్ష. 300 ప్రశ్నలు, పాసవ్వాలంటే 150 మార్కులు, ఏడాదికి రెండుసార్లు పరీక్ష. ఇటీవల చాలాసార్లు గట్టెక్కింది ఐదుగురిలో ఒక్కరే. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబర్ నిబంధనలొచ్చాక చదువు కనీసం 54 నెలలు సాగాలి, ఇంగ్లిష్‌లో సాగాలి, అక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్ అయ్యాక ఇక్కడ మరో ఏడాది చేయాలి. ఈ జల్లెడ అవసరం లేదని నేననను. రోగిని సరిగా ముట్టుకోకుండానే పట్టా పుచ్చుకొచ్చినవాళ్లూ ఉన్నారు, ప్రాణాలతో ప్రయోగాలు కుదరవు. ఇంకో మాటా చెప్పాలి. బిష్కెక్ వార్డులో రష్యన్ రాక రోగితో నాలుగు ముక్కలు మాట్లాడలేకపోయిన కుర్రాడికి, ‘కడుపుల మంట లేస్తుంది సారూ’ అని వనపర్తి ముసలమ్మ చెబితే ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇక్కడి ఏడాది ఇంటర్న్‌షిప్‌ను శిక్షగా కాక, వైద్యం అసలు అబ్బే ఏడాదిగా చూడాలి.

అసలు చిక్కు ఉద్యోగం దగ్గరుంది. తెలంగాణ వైద్య నియామక బోర్డు సివిల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టులకు (2022లో 969, 2024లో 435) రాతపరీక్ష పెట్టలేదు. అర్హత పరీక్ష మార్కులకు 80 పాయింట్లు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు 20 పాయింట్లు ఇచ్చింది. విదేశీ పట్టా ఉన్నవాళ్లకు లెక్కలోకి తీసుకునేది ఎఫ్‌ఎంజీఈ మార్కులనే. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఆ పరీక్షలో 165 తెచ్చుకున్న అమ్మాయికి 55 శాతం, అంటే 44 పాయింట్లు. ఇక్కడి కాలేజీలో 65 శాతంతో ఎంబీబీఎస్ పూర్తిచేసిన అబ్బాయికి 52. ఒకటి దేశమంతటికీ ఒకే ప్రశ్నపత్రంతో పెట్టే వడపోత పరీక్ష, మరొకటి యూనివర్సిటీ ఏళ్ల తరబడి వేసిన మార్కులు. రెండింటినీ ఒకే తక్కెడలో తూచేశారు.

ఆ ఎనిమిది పాయింట్లు పూడ్చుకునే దారి కూడా అదే నోటిఫికేషన్‌లో ఉంది. గిరిజన ప్రాంతంలో ఆరు నెలల సర్వీసుకు 2.5 పాయింట్లు, మిగతా చోట్ల 2. అంటే నల్లమల గిరిజన ప్రాంతంలో రెండేళ్లు పనిచేస్తే ఆ అమ్మాయి 54కు చేరి, సర్వీసు లేని అబ్బాయిని దాటేస్తుంది. ఇంత చక్కటి ఎర చేతిలో పెట్టుకుని సర్కారు దాన్ని వాడుకోవడం లేదన్నదే నా ఫిర్యాదు. ఆ సర్వీసు దొరకాలంటే ముందు కాంట్రాక్టు పోస్టు ఉండాలి, జీతం నెలనెలా పడాలి, రాత్రి తలదాచుకోవడానికి క్వార్టర్ ఉండాలి. 2022లో పల్లె దవాఖానాల్లో ఎంబీబీఎస్ డాక్టరుకు చూపిన జీతం నెలకు 40,000. పట్నంలో కార్పొరేట్ ఆసుపత్రి నైట్ డ్యూటీని వదిలి దానికోసం ఎవరొస్తారు?

అమెరికాలో సంగతి తిరగేసి ఉంటుంది. 1994లో సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరుతో మొదలైన పథకం కింద, జే-1 వీసాపై శిక్షణ పొందిన విదేశీ డాక్టర్లలో ఒక్కో రాష్ట్రం ఏటా 30 మందిని కొరత ప్రాంతాలకు నిలబెట్టుకోవచ్చు. డాక్టరు మూడేళ్లు, వారానికి కనీసం 40 గంటలు పనిచేయాలి. కానీ పిలిచే ఆసుపత్రికీ షరతులున్నాయి. తానున్నది కొరత ప్రాంతమని చూపించాలి. మూడేళ్ల ఒప్పందం రాసివ్వాలి. స్థానిక డాక్టరు కోసం ప్రయత్నించి దొరకలేదని రుజువులు పెట్టమని చాలా రాష్ట్రాలు అడుగుతాయి. ఉస్మానియాలోనో, గాంధీలోనో, కర్నూలులోనో చదివి వెళ్లిన మనవాళ్లు ఎందరో అక్కడి చిన్న ఊళ్లలో వైద్యం చేసింది ఈ దారినే. మన డాక్టర్లు పల్లెకు వెళ్లరని కాదన్నమాట, మన పల్లెకు రమ్మని వాళ్లను సరిగా పిలిచినవాళ్లు లేరు.

ఇక్కడ పిలిచేది ప్రభుత్వం కాబట్టి షరతులు తనకు తానే పెట్టుకోవాలి. కొత్తగా నియమించే డాక్టర్లకు ప్రైవేటు ప్రాక్టీసును 2022లోనే నిషేధించారు. అదే గట్టిదనం డిప్యుటేషన్ల మీద చూపాలి. కాగితం మీద పోస్టు వనపర్తి జిల్లా పెబ్బేరులో, మనిషి హైదరాబాద్‌లో ఉండే ఏర్పాటు కొరతను దాచిపెడుతుందే తప్ప తీర్చదు. విదేశాల్లో చదివినవాళ్లతో రెండేళ్ల రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. ఫలానా మండలం, ఫలానా జీతం, ఇల్లు, పాయింట్లు, మొదటి ఆరు నెలలు జిల్లా ఆసుపత్రి సీనియర్ పర్యవేక్షణ అని అందులో ఉండాలి. సర్కారు మాట తప్పితే డాక్టరు పాయింట్లతో సహా బయటపడే వీలుండాలి.

మొదలు పెట్టాల్సింది ఇంటర్న్‌షిప్ నుంచే. విదేశీ పట్టా ఉన్నవాళ్లకు కాలేజీ సీట్లలో 7.5 శాతం మేర ఇంటర్న్‌షిప్ ఇవ్వొచ్చని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పిన లెక్కన వనపర్తిలో పదకొండు మంది, నాగర్‌కర్నూల్‌లో పదకొండు మంది, గద్వాలలో ముగ్గురికి చోటుంటుంది. వెరసి పాతిక. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో చేరిన తొలి బ్యాచ్ పిల్లలు నాలుగున్నరేళ్ల చదువు ముగించి హౌస్ సర్జన్లుగా వార్డుల్లోకి వచ్చేది 2027లో. గద్వాల పిల్లలు రావడానికి 2029 దాకా ఆగాలి. అందాకా ఆ వార్డుల్లో పనిచేయడానికి ఈ పాతిక మందిని పిలవొచ్చు.