క్లౌడ్‌లో అద్దె యంత్రాలు: జాబితా చూడడం ఎలా?

డేటా సెంటర్‌లోని పెద్ద సర్వర్‌ను సాఫ్ట్‌వేర్ సాయంతో భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని విడి కంప్యూటర్‌లా అద్దెకిస్తారు. అదే వర్చువల్ మిషన్. పలమనేరులో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, హైదరాబాదులోనో ముంబయిలోనో ఉన్న ఇలాంటి యంత్రాలను నడిపించవచ్చు. కంటికి కనబడవు కాబట్టి, ఎన్ని ఉన్నాయో, ఏవి నడుస్తున్నాయో జాబితా అడిగే తెలుసుకోవాలి. మరచిపోయిన యంత్రానికీ అద్దె పడుతూనే ఉంటుంది.

బ్రౌజర్‌లోనూ ఈ జాబితా చూడవచ్చు. యంత్రాలు ఎక్కువైతే కమాండ్ లైన్ సులువు: ఒక్క వరుస టైప్ చేస్తే అన్నీ తెరమీదికి వస్తాయి. గూగుల్ క్లౌడ్‌లో 'జీక్లౌడ్ కంప్యూట్ ఇన్‌స్టెన్సెస్ లిస్ట్' అనే ఆదేశం ఒక ప్రాజెక్టులోని యంత్రాల పేర్లు, జోన్లు, రకాలు, ఐపీ చిరునామాలు, స్థితి పట్టికగా చూపుతుంది. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో 'ఏజెడ్ వీఎం లిస్ట్' సబ్‌స్క్రిప్షన్‌లోని యంత్రాలను ఇస్తుంది. అవి నడుస్తున్నాయో లేదో తెలియాలంటే 'షో డీటెయిల్స్' కూడా చేర్చాలి.

అమెజాన్ పద్ధతి వేరు. 'ఏడబ్ల్యూఎస్ ఈసీ2 డిస్క్రైబ్ ఇన్‌స్టెన్సెస్' ఒకసారికి ఒక్క రీజియన్‌లోని, అంటే డేటా సెంటర్లున్న ఒక ప్రాంతంలోని, యంత్రాలనే చూపుతుంది. అమెజాన్ ముంబయి రీజియన్ 2016లో, హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలయ్యాయి. హైదరాబాద్ రీజియన్‌ను ఖాతాలో ముందుగా అనుమతించుకోవాలి. కమాండ్ లైన్ పనిముట్టులో రీజియన్‌గా ముంబయి పెట్టి ఉంటే హైదరాబాద్ యంత్రాలు జాబితాలోకి రావు. జాబితా ఖాళీగా కనబడినంత మాత్రాన యంత్రాలు లేవనుకోకూడదు. రీజియన్ పేరు మార్చి మళ్లీ అడగాలి.

జాబితాలో అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది స్థితి. అమెజాన్‌లో 'స్టాప్డ్' అని ఉంటే యంత్రం అద్దె ఆగుతుంది, దాని డిస్కు అద్దె మాత్రం ఆగదు. అజూర్‌లో లోపలి నుంచి షట్‌డౌన్ చేసిన యంత్రానికి అద్దె కొనసాగుతుంది. 'డీఅలొకేటెడ్' స్థితికి వచ్చాకే ఆగుతుంది. 'టెర్మినేటెడ్' అంటే అమెజాన్‌లో యంత్రాన్ని తొలగించేసినట్టు. గూగుల్‌లో అది ఆపి ఉంచిన యంత్రం, మళ్లీ నడిపించుకోవచ్చు.

నడుస్తున్నవి మాత్రమే కావాలంటే ఆదేశానికి ఫిల్టర్ జోడిస్తే సరిపోతుంది. ఫలితాన్ని ప్రోగ్రాంలు చదవగలిగే జేసన్ రూపంలో తీసుకుంటే మరో ప్రోగ్రాం దాన్ని చదివి, రోజూ తనంతట తానే లెక్క చూడగలదు. అలాంటి ప్రోగ్రాంకు జాబితా చదివే అనుమతి ఒక్కటే ఇవ్వాలి. అప్పుడు ఆ ప్రోగ్రాం ఖాతాలోకి వెళ్లేందుకు వాడే తాళంచెవి (యాక్సెస్ కీ) ఇతరుల చేతిలో పడినా, దాంతో యంత్రాలను ఆపడం, తొలగించడం కుదరదు.