వీపున మోసి విసరు విద్య

నిండు ధాన్యపు బస్తాను మోయు హమాలీ దానిని చేతుల సత్తువతో ఎత్తబూనడు. మోకాళ్లు వంచి, బరువు క్రిందికి తన వీపును జేర్చి, కాళ్ల బలముతో లేచును. జపానీయుల జూడోయందు మిక్కిలి ప్రసిద్ధమైన 'సెయోయి నాగే' ప్రయోగమునకు మూలసూత్ర మిదియే. ఆ పేరునకు వీపున మోసి విసరుట యని యర్థము. అయితే బస్తా కదలక యుండును, ప్రత్యర్థి మాత్రము కదలక యుండడు. చలించు ఆ దేహము తనంతట తానే వీపుపైకి వచ్చునట్లు చేయుటయే ఇందలి నేర్పు.

బాల్యమున దుర్బలదేహుడై, బలవంతులైన తోడివారిచే బాధింపబడి, జుజుత్సు అను పోరాటవిద్య నభ్యసించిన జిగోరో కానో 1882లో టోక్యో నగరమందలి ఎయిషోజి బౌద్ధాలయమున కోడోకాన్ జూడో విద్యాలయమును స్థాపించెను. అచటి బోధన ననుసరించి ప్రతి విసురునకును మూడు దశలు గలవు: ప్రత్యర్థి నిలుకడను చెఱచుట 'కుజుషి', తన దేహమును తగిన చోట అమర్చుకొనుట 'త్సుకురి', తుదకు విసరుట 'కాకే'. చూపరుల కన్నులకు మూడవదియే కనబడును గాని, జయము మొదటిదానియందే నిశ్చితమగును.

విసరువానిని తోరి యనియు, పడువానిని ఉకే యనియు పిలుతురు. తోరి కుడిచేత ఉకే రొమ్ముపైని అంగీ అంచును, ఎడమచేత అతని కుడిచేతి వస్త్రమును పట్టి, ముందునకును మీదికిని లాగును; ఉకే మునివ్రేళ్లపైకి వచ్చిన క్షణముననే తన కుడి పాదమును అతని పాదముల ముందు నిలిపి, గిరుక్కున వెనుదిరిగి, తన నడికట్టు అతని నడికట్టుకంటె దిగువనుండునట్లు మోకాళ్లు వంచి, మడచిన కుడి మోచేతిని అతని చంక క్రింద జేర్చును. పిమ్మట మోకాళ్లు చాచి, లాగుట మానక ముందునకు వంగగా, ఉకే భుజము మీదుగా దొర్లి వెల్లకిల పడును. అంగీ అంచును విడిచి, ఉకే దండచేతిని మోచేతి మడతలో బిగించి విసరుట 'ఇప్పోన్ సెయోయి నాగే'. 1992 బార్సిలోనా ఒలింపిక్సునకు ముందు అభ్యాసమున మోకాలికి తీవ్రముగా గాయమైనను 71 కిలోల తరగతిలో స్వర్ణపతకమును గెలిచిన తోషిహికో కోగా ఈ ప్రయోగమునకే జగత్ప్రసిద్ధుడు.

క్రొత్తగా నేర్చువాడు కుజుషిని మఱచి తిరుగుటకే తొందరపడును. అప్పుడు ఉకే బరువు మడమలయందే నిలిచియుండుటచే, తోరియే వెనుకకు ఒరిగిపోవును. మోకాళ్లకు బదులు నడుము వంచినచో వెన్ను నొచ్చును.

విసరిన పిదపను తోరి ఉకే చేతివస్త్రమును విడువడు. మీదికి లాగిపట్టి, అతని తల నేలను తాకకుండ కాపాడును. ఉకేయు గడ్డమును రొమ్మునకు జేర్చి, చాచిన చేతితో చాపను చఱచి, దెబ్బను చెదరగొట్టును. తానును పరులును కలిసి వర్ధిల్లవలెనని కానో బోధించిన ధర్మము, పడద్రోసిన చేతియే కాపాడు ఆ పట్టునందు ప్రత్యక్షమగును.