నర్సమ్మ చేతికి నేర్పే బొమ్మలు

పుట్టిన బిడ్డను తుడిచి, వీపు రుద్దినా ఊపిరి తీయకపోతే, మొదటి నిమిషంలోనే గాలి అందించాలి. ఆలస్యమైతే ప్రాణమే పోవచ్చు. కాన్పులు చేసే నర్సమ్మలకు ఈ పని నేర్పడానికి 2009లో మన దేశంలో నవజాత శిశు సురక్షా కార్యక్రమం మొదలైంది. ఇటువంటి శిక్షణకు ఇప్పుడు యానిమేషన్ బొమ్మలు కూడా గీస్తున్నారు. అవి ఎలా ఉండాలి?

కెమెరాకు కనబడనిది చూపాలంటాము మేము. బిడ్డ మెడ ముందుకు వంగితే గొంతులో గాలిదారి మూసుకుపోతుంది. మరీ వెనక్కి వంచినా అంతే. తల కొద్దిగా వెనక్కి ఉంటేనే దారి తెరుచుకుంటుంది. ఎన్ని పేజీలు చదివినా పట్టుబడని ఈ సంగతి, గొంతు లోపలి భాగం చూపే ఒక్క బొమ్మ కదిలితే తెలిసిపోతుంది. దానికి సంగీతమెందుకు, చూపు చెదరడానికి కాకపోతే! తెరమీద రాతకన్నా బొమ్మతోపాటు వినిపించే మాటే మేలని రిచర్డ్ మేయర్ వంటి పరిశోధకులు చూపించారు.

గాలిదారిని నెమ్మదిగా చూపవచ్చు. అంబు బ్యాగు నొక్కడం మాత్రం అసలు వేగంతోనే చూపాలి, నిమిషానికి 40 నుండి 60 సార్లు. చూసిన లయే చేతికి అలవాటవుతుంది. నొక్కినా రొమ్ము లేవని చోట కథ ఆగి, "ఇప్పుడేమి చేస్తారు?" అని అడగాలి. మాస్కు సరిగా అమరిందా? తల కుదురుగా ఉందా? నోటిలో ఏదైనా అడ్డుందా? నర్సమ్మ జవాబు చెప్పి, శిక్షణకు వాడే రబ్బరు పాపమీద తానే నొక్కి చూశాకే తరువాతి భాగం కదలాలి.