వెబ్ అనువర్తనమునకు పనిముట్ల ఎన్నిక

కొన్ని మాసముల క్రిందట ఒక శ్రోత మా కేంద్రమునకు వ్రాసిన ఉత్తరమే ఈ ప్రసంగమునకు కారణము. ఆమె గ్రామమున ఒక చిన్న గ్రంథాలయము కలదు. సుమారు మూడువేల పుస్తకములు. నాలుగేండ్ల క్రిందట ఆ ఊరి యువకుడొకడు పుస్తకముల జాబితానంతయు కంప్యూటరున కెక్కించి, పాఠకులు ఇంటినుండియే ఫోనులో వెదకికొని, కావలసిన పుస్తకమును తమకై ఉంచుమని కోరుటకు వీలుగా ఒక వెబ్ అనువర్తనమును నిర్మించెను. ఊరు సంతోషించినది. పిదప అతడు ఉద్యోగమునకై బెంగుళూరు వెళ్ళెను. మరుసటి యేటికి ఆ పుట తెరచుకొనుట మానినది. ఉచితముగా చోటిచ్చిన సంస్థ ఆ సౌకర్యమును చాలించుకొన్నది. మరియొక చోటికి తరలింపబోగా, అందు వాడిన సామగ్రి పాతబడి క్రొత్త యంత్రముపై నడువనన్నది. రెండు వేసవులు కూర్చుండి టైపు చేసిన జాబితా ఎవరికిని అందకపోయెను. ఆ పనిని ఇప్పుడు మరల తలకెత్తుకొన్న ఆమె అడిగిన ప్రశ్న ఇది: “ఈసారి ఏ పనిముట్లను ఎన్నుకొనవలెను?”

ప్రశ్న చిన్నదే. దొరకు సమాధానములు మాత్రము లెక్కకు మించియున్నవి. ఒకరు రియాక్టు అందురు, ఒకరు జాంగో అందురు, వేరొకరు నిన్న పుట్టిన మరియొక పేరు చెప్పుదురు. పెండ్లి సంబంధములు తెచ్చువారి వలె ఎవరు తెచ్చినదానిని వారే మెచ్చుకొందురు. కనుక పేర్లను కొంతసేపు ప్రక్కనుంచి, పని యెట్టిదో చూతము.

వెబ్ పుట వేరు, వెబ్ అనువర్తనము వేరు. పుట పంచాయతీ గోడపై అంటించిన ప్రకటన వంటిది. చదివి వెళ్ళవచ్చును, అంతే. అనువర్తనము కిటికీ వెనుక కూర్చున్న గుమాస్తా వంటిది. మనమడుగుదుము, అతడు చిట్టా తెరచి చూచి బదులు చెప్పును, అవసరమైనచో చిట్టాలో వ్రాసికొనును. ఇందు మూడు భాగములు కలవు. మన ఫోనులో కనబడు కిటికీ మొదటిది. దానిని చూపునది బ్రౌజరు. మన కోరికను అందుకొను గుమాస్తా రెండవది. అది ఎక్కడనో దూరమున నుండు సర్వరుపై నడచును. చిట్టా మూడవది, దానినే డేటాబేసు అందురు. ఈ మూడింటికిని వేర్వేరు పనిముట్లు కావలెను.

అంతకుముందొక మాట. అసలు కట్టకుండుట కూడ ఒక ఎన్నికయే. గ్రంథాలయములకై ‘కోహా’ అను సాఫ్ట్‌వేరు సిద్ధముగనే యున్నది. న్యూజిలాండులోని ఒక గ్రంథాలయ సంస్థకై రూపొంది 2000 సంవత్సరారంభమున వాడుకలోనికి వచ్చినది. ఎవరైనను ఉచితముగా తీసికొని వాడుకొనవచ్చును. ‘కోహా’ యనగా మావోరీ భాషలో కానుక అని అర్థము. కళాశాల గ్రంథాలయమైనచో నేను దానినే వాడుడని చెప్పియుందును. కాని దానిని నెలకొల్పి కాపాడుటకు సర్వరు నెరిగిన మనిషియొకడు కావలెను. మూడువేల పుస్తకములకు అది నూతిలో నీటికి ఆనకట్ట కట్టినట్లగును. అందుచే ఆమె స్వయముగా కట్టుకొనుటయే యుక్తమని తోచినది.

ఇక కిటికీ సంగతి. బ్రౌజరునకు స్వతస్సిద్ధముగా తెలిసిన భాషలు మూడు: పుట నిర్మాణమునకు హెచ్.టి.ఎమ్.ఎల్., అలంకారమునకు సి.ఎస్.ఎస్., చలనమునకు జావాస్క్రిప్టు. ఈ మూడవదానిని 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది దినములలో రూపొందించెను; ఆ తొందర లక్షణములు కొన్ని అందు నేటికిని కానవచ్చును! వీనిపై పనిని సులభము చేయుటకు జేక్వెరీ, ఆంగ్యులర్‌జేఎస్, రియాక్టు, వ్యూ మున్నగు చట్రములు ఒకదాని వెంట ఒకటి పుట్టినవి. వీనిలో ఆంగ్యులర్‌జేఎస్‌కు దానిని నిర్మించిన గూగుల్ సంస్థయే 2021 డిసెంబరు 31తో ఆలనపాలన ముగించినది. ఆటలకు, బొమ్మలకు ఒకనాడు ప్రాణమైన ఫ్లాష్ 2020తో అంతరించినది. మా వృత్తిలో ఈ దుఃఖము చిరపరిచితమే: టేపు చెక్కుచెదరక యుండును, దానిని త్రిప్పు యంత్రమే దొరకదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ యొకటి కలదు. టిమ్ బెర్నర్స్-లీ 1991లో వెలువరించిన తొలి వెబ్ పుట యొక్క పాత ప్రతి నొకదానిని జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమువారు 2013లో వెనుకటి చిరునామాయందే మరల నిలిపిరి. నేటి బ్రౌజరు దానిని చక్కగా చూపును. కారణము స్పష్టము: అందు చట్రమేదియు లేదు, బ్రౌజరు భాష మాత్రమే యున్నది. మన శ్రోత కోరు తెరలు నాలుగు: వెదకుట, పుస్తకపు వివరము, కోరిక నమోదు, గ్రంథాలయాధికారి ప్రవేశము. నాలుగు తెరలకు చట్రమక్కరలేదు. వందల తెరలు, క్షణక్షణము మారు అంకెలు, పదిమంది కలసి పనిచేయు బృందము ఉన్నచోట చట్రము నిజముగా శ్రమను తగ్గించును. ఆ మాట కాదనను.

చట్రములతో పాటు ఎరువు తెచ్చుకొను చిల్లర సామానును గూర్చియు చెప్పవలెను. 2016 మార్చిలో ‘లెఫ్ట్-ప్యాడ్’ అను తునకను దాని కర్త ఉమ్మడి భాండారమునుండి తీసివేసెను. పదునొకండు పంక్తుల తునక. అక్షరముల కెడమవైపున ఖాళీ నింపుటయే దాని పని. దానిపై ఆధారపడినవి, వానిపై ఆధారపడినవి, ఇట్లు గొలుసుగా వేలకొలది నిర్మాణములు లోకమంతట ఒక్కసారి ఆగిపోయెను. కొన్ని గంటలలో దానిని మరల నిలిపిరి. పదునొకండు పంక్తులు స్వయముగా వ్రాసికొనరాదా యని మనకు తోచును. కాని అది తమ యింట నున్నదని వారిలో అనేకులకు తెలియనే తెలియదు. కనుక ఏ పనిముట్టును తెచ్చుకొన్నను, అది తన వెంట ఎందరు చుట్టములను తెచ్చుచున్నదో ముందుగా లెక్కించుకొనవలెను.

గుమాస్తా భాగమునకు పి.హెచ్.పి., పైథాన్‌పై జాంగో, రూబీపై రెయిల్స్, జావాస్క్రిప్టుపై నోడ్, అన్నియు పని కొదుగునవే. వీనిలో ఏది మేలని రాత్రింబవళ్ళు వాదించువారిని చూచితిని. ఆ వాదము కాలక్షేపము మాత్రమే. అడుగవలసినది వేరు: రేపు మీరు ఊరు విడచినచో దీనిని చదివి సరిచేయగలవారు చుట్టుప్రక్కల ఎవరైనను కలరా? మన శ్రోతకు పైథాన్ వచ్చును. సమీప పట్టణపు కళాశాలలోను దానినే నేర్పుచున్నారట. అందుచే జాంగో వైపు మొగ్గితిని. దానికి మరియొక సుగుణము కలదు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున ఒక వార్తాపత్రిక కార్యాలయములో పుట్టి 2005లో లోకమునకు విడుదలైనది. విలేఖరులు తమంతట తాము వార్తల నెక్కించుకొనుటకు వీలైన తెరలు అందు సిద్ధముగ నుండును. ఆ తెరలతోనే మన గ్రంథాలయాధికారియు ఎవరి సహాయమును లేక క్రొత్త పుస్తకములను చేర్చుకొనవచ్చును. ఎన్నుకొనునపుడు దీర్ఘకాలపు ఆలన గల సంచికనే ఎన్నుకొనవలెను. దానికి మూడేండ్లపాటు రక్షణ దిద్దుబాట్లు లభించును.

చిట్టాకు ఎస్.క్యూ.లైట్ చాలును. చిట్టాయంతయు ఒక్క ఫైలు. పెన్‌డ్రైవులో వేసికొని బీరువాలో పెట్టవచ్చును. 2000 సంవత్సరమున వెలువడిన దీనిని 2050 వరకు కాపాడుటకు సంకల్పించితిమని దాని నిర్మాతలే ప్రకటించియున్నారు. అట్టి మాట ఇచ్చిన పనిముట్లు బహు అరుదు.

కాని ఏ పనిముట్టునైనను తెలుగు ముందు నిలిపి పరీక్షింపక స్వీకరింపరాదు. నిర్మాతలలో పెక్కురకు మన లిపి తెలియదు. యూనికోడులో తెలుగునకు 1991లోనే స్థానము లభించినది నిజమే, చిక్కులన్నియు అటుపిమ్మటనే. ‘శ్రీ’ మన కంటికి ఒక అక్షరము. యంత్రమునకు నాలుగు సంకేతములు, అవి శకారము, పొల్లు, రకారము, గుడి దీర్ఘము. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడేసి బైట్లు, వెరసి 12. తెరపై ఇముడుటకై పేరును ఇన్ని సంకేతములకని కత్తిరించు పనిముట్టు అక్షరము నడుమనే కత్తి వేయును. ‘శ్రీ’ పోయి ‘శ్’ మిగులును. పెద్ద సంస్థలకును ఈ ప్రమాదము తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను అక్షరము ఒక ప్రత్యేకపు కూర్పుతో సందేశములో వచ్చినంతనే ఐఫోనులలోని అనువర్తనములు కుప్పకూలెను. ఆపిల్ సంస్థ ఆ నెల 19వ తేదీన 11.2.6 సంచికతో దానిని సరిదిద్దెను.

అకారాది క్రమము మరియొక చిక్కు. బడిలో నేర్చిన వర్ణమాలలో ‘ళ’ హకారము తరువాత వచ్చును. కనుక కల, కవి, కళ అనునది మన వరుస. యూనికోడులో ‘ళ’ను లకారము ప్రక్కనే కూర్చుండబెట్టిరి, సంకేతముల వరుసను పట్టుకొని పోవు ఎస్.క్యూ.లైట్ కల, కళ, కవి అనును. ఏ వరుస కావలెనో గ్రంథాలయము నిర్ణయించుకొని, దానిని ప్రోగ్రాములో వ్రాసికొనవలెను. వెదకుట ఇంకను కష్టము. పాత పుస్తకముపై ‘భారతము’ అని యుండును, పాఠకుడు ‘భారతం’ అని కొట్టును. పుస్తకము బీరువాలో నుండగనే లేదని యంత్రము బదులు చెప్పును. చివరి మువర్ణమును, సున్నను ఒక్కటిగా భావించు చిన్న ఏర్పాటు చేసికొన్నచో ఈ బాధ తీరును. కంటికి కనబడని విడదీత గుర్తులను కూడ వెదకుటకు ముందే తొలగింపవలెను. ఇక అచ్చుకూటముల పాత ఖతులలో కూర్చిన జాబితాలున్నచో, అవి యూనికోడు కావు. మార్చి, కన్నులతో ఒకసారి సరిచూచిన పిమ్మటనే ఎక్కించుట మంచిది. ఖతులకు లోటు లేదు. మండలి, రామభద్ర, నోటో తెలుగు మొదలగునవి ఉచితముగ దొరకును. వత్తులు క్రింది వరుసను తాకకుండ పంక్తుల నడుమ ఎడము మాత్రము హెచ్చుగ నుంచవలెను.

నేర్చుకొనుటకు ఆధారములేవని కూడ ఆమె అడిగినది. బ్రౌజరు భాషలకు మొజిల్లావారి ఎమ్.డి.ఎన్. పుటలు, జాంగోకు దాని నిర్మాతలు వ్రాసిన పాఠములు ప్రమాణము. వీడియో పాఠములు మంచివే, కాని ముందుగా తేదీని చూడవలెను. ఐదేండ్ల నాటి పాఠములోని ఆజ్ఞ నేడు నడువక, తప్పు తనదేయని విద్యార్థి కుములుట కలదు. కృత్రిమ మేధ యంత్రములు అడిగినంతనే ప్రోగ్రాము వ్రాసి ఇచ్చును. ఒక్కొక్కప్పుడు లేని సామగ్రి పేరును ఉన్నట్లే చెప్పును. కనుక తాను చదివి అర్థము చేసికొనలేని పంక్తిని అందులో ఉంచరాదని వ్రాసితిని.

స్థలము విషయమున ఉచితమును నమ్మవద్దంటిని. హెరోకు వంటి పేరుపొందిన సంస్థయే 2022 నవంబరులో ఉచిత సేవను ముగించినది. ఏటి కింతయని చెల్లించు చిన్న స్థలము చాలును. ఆ సొమ్ము గ్రంథాలయపు లెక్కలో పడవలెను, వెబ్ చిరునామా కూడ గ్రంథాలయము పేరనే కొనవలెను. నెలకొకసారి జాబితా నంతయు సామాన్యమైన పట్టిక ఫైలుగా దింపి భద్రపరచవలెను; అనువర్తనము పోయినను పుస్తకముల పేర్లు మిగులును.

ఆమె మొన్న మరల వ్రాసినది. బెంగుళూరు యువకునితో మాటలాడగా, అతని పాత కంప్యూటరులో జాబితా ప్రతి యొకటి దొరికినదట. రెండువేల చిల్లర పేర్లు చెక్కుచెదరక యున్నవి. మిగిలినవానిని ఈ వేసవిలో టైపు చేయుదురట.