హొకుసాయ్ అలలో బెర్లిన్ నీలం

జపాన్ 2024 జులైలో విడుదల చేసిన కొత్త వెయ్యి యెన్ల నోటు వెనకవైపు ఒక అల ఉంది. కత్సుషికా హొకుసాయ్ 1831 ప్రాంతంలో, డెబ్భై ఏళ్లు దాటిన వయసులో గీసిన బొమ్మ అది. పడవల మీదికి విరుచుకుపడుతున్న కెరటం, గోళ్లు చాచినట్టున్న నురగ, ఆ వంపు కింద ఎక్కడో దూరాన చిన్నగా ఫుజి పర్వతం. పాత జపాన్ అంటే ప్రపంచానికి ముందుగా గుర్తొచ్చేది ఈ బొమ్మే. కానీ ఆ నీలం జపాన్‌లో పుట్టింది కాదు. పద్దెనిమిదో శతాబ్ది మొదట్లో బెర్లిన్‌లో తయారైన ప్రష్యన్ బ్లూ అనే రసాయనిక రంగు అది. నాగసాకి రేవు గుండా దిగి, చవకయ్యాక ముద్రణశాలలకు చేరింది. దూరాన ఉన్నదాన్ని అంత చిన్నదిగా చూపే పద్ధతి కూడా ఐరోపా బొమ్మలు చూసి పట్టుకున్నదే. అందుకే జపాన్ కళలను సంప్రదాయం ఒకవైపు, ఆధునికం మరొకవైపు పెట్టి పరిచయం చేసే అలవాటు మనల్ని దారి తప్పిస్తుందని నా అభిప్రాయం. అక్కడ తరం నుంచి తరానికి అందుతూ వచ్చింది రూపం కన్నా పనితనం. బయటి నుంచి ఏది వచ్చినా తీసుకుని, సాధన చేసిన చేతుల మీదుగా తమదిగా మార్చుకునే కార్ఖానా పద్ధతి అది.

ఆ కార్ఖానాలోకి ఒకసారి తొంగిచూద్దాం. ఉకియో-ఎ అనే ఈ చెక్క అచ్చు బొమ్మ ఒక్కరి సృష్టి కాదు. పెట్టుబడి, ఎంపిక ప్రచురణకర్తవి, గీత చిత్రకారుడిది. ఆ గీసిన పల్చని కాగితాన్ని చెక్కేవాడు అడవి చెర్రీ పలక మీద బోర్లా అంటించి, గీతలు మాత్రం ఉబ్బెత్తుగా మిగిలేలా కాగితంతో సహా చెక్కేస్తాడు. అంటే అచ్చు పుట్టాలంటే అసలు బొమ్మ నాశనం కావాల్సిందే. రంగు రంగుకూ పలక మార్చాలి. ప్రతి పలక మీదా ఒకేచోట రెండు గాట్లు ఉంటాయి: ఒకటి మూలన, ఇంకొకటి అంచున. తడిపిన కాగితాన్ని ముద్రించేవాడు ప్రతిసారీ ఆ గాట్లకు ఆనించి పెడతాడు కాబట్టి రంగు గీత దాటదు. తర్వాత వెదురు పొర చుట్టిన బిళ్లతో వెనక నుంచి రుద్దుతాడు. 1765లో సుజుకి హరునోబు బొమ్మలతో ఈ బహువర్ణ ముద్రణ స్థిరపడింది. సామాన్యులు కూడా కొనగలిగే సరుకు అది. హొకుసాయ్ ఫుజి వరుసకు ‘ముప్ఫై ఆరు దృశ్యాలు’ అని పేరు, కానీ జనం బాగా కొనడంతో మరో పది చేర్చి 46 చేశారు. పలక అరిగిపోయేదాకా అచ్చు వేశారనడానికి సాక్ష్యం బొమ్మలోనే ఉంది. ఆలస్యంగా తీసిన ప్రతుల్లో పేరు రాసిన చట్రం గీత అక్కడక్కడా తెగి కనిపిస్తుంది.

మరి సంప్రదాయం అనే ముద్ర ఎప్పుడు పడింది? 1868 తర్వాత, మెయిజీ ప్రభుత్వం పాశ్చాత్య విద్యకు తలుపులు తెరిచినప్పుడు. నూనె రంగుల చిత్రాలు వచ్చిపడుతుంటే, వాటికి ఎదురుగా స్వదేశీ చిత్రకళను ‘నిహోంగా’ పేరుతో నిలబెట్టారు. 1889లో మొదలైన టోక్యో లలితకళల పాఠశాలలో పాశ్చాత్య చిత్రలేఖన విభాగం 1896 దాకా లేనేలేదు. ఆ పాఠశాల సారథి ఒకాకురా కకుజో. విచిత్రమేమిటంటే ఆయన శిష్యులే గీతను వదిలేసి, పొగమంచులాంటి రంగు పొరలతో వెలుగును, గాలిని పట్టుకోబోయారు. స్వదేశీ విమర్శకులు ఎగతాళి చేశారు. ఒకాకురా 1902లో భారతదేశం వచ్చారు. మరుసటి ఏడాది శిష్యులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో కలకత్తా చేరారు. తైకాన్ తడి కుంచె పని చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ కాగితాన్నే నీళ్లలో ముంచి రంగులద్దే వాష్ పద్ధతికి వచ్చారు. ఆ బెంగాల్ సంప్రదాయాన్ని ప్రమోద కుమార్ చటర్జీ మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు తెచ్చారు. అడివి బాపిరాజు ఆయన దగ్గరే బొమ్మలు నేర్చుకున్నారు. జపాన్‌లో ప్రయోగమని తిట్లు తిన్న పద్ధతి ఇక్కడికొచ్చేసరికి స్వదేశీ కళకు ఆసరా అయింది.

తేనీటి వేడుక, ఇసే ఆలయం మారకుండా నిలిచినవి కావా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ తేనీటి వేడుకకు గురువైన సెన్ నో రిక్యూ తన కాలంలో తిరగబడ్డవాడు. పెద్దలు చైనా పింగాణీని నెత్తిన పెట్టుకుంటున్న పదహారో శతాబ్దంలో ఆయన కుమ్మరి చోజిరో చేత్తో మలిచిన నల్లని మట్టి గిన్నెను ముందుకు తెచ్చాడు. తర్వాతి తరాల తేనీటి రసికులు మన కోరమండల్ తీరం నుంచి ఓడల్లో వెళ్లిన అద్దకపు బట్టను కత్తిరించి, తేయాకు బరిణెలకు సంచులు కుట్టించుకున్నారు. ఇక ఇసే ఆలయాన్ని ఇరవై ఏళ్లకోసారి కొత్త కలపతో మళ్లీ కడతారు. 2013లో కట్టారు, ఇక 2033లో. యుద్ధాల వల్ల ఒకప్పుడు నూరేళ్లకు పైగా ఆ పని ఆగిపోయింది కూడా. అక్కడ పాతది కలప కాదు, కట్టే నేర్పు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. ఆధునికులు కార్ఖానానే కాదన్నారు కదా? నిజం. 1904లో యమమోతో కనాయె తానే గీసి, తానే చెక్కి, తానే ముద్రించి, కళాకారుడంటే ఒంటరి మనిషని చాటాడు. ఆ బాటలో వచ్చిన మునకతా షికో 1956 వెనిస్ బియన్నాలేలో ముద్రణ కళకు అత్యున్నత బహుమతి అందుకున్నాడు. వాళ్లు పని విభజనను వదిలారు కానీ పలకను, ఉలిని వదల్లేదు. వదిలేసిన విభజన మరోచోట, మాంగా అనే జపాన్ కామిక్స్‌లో మొలిచింది. మాంగా ప్రాచీన జంతు చిత్రాల చుట్టల నుంచి నేరుగా దిగివచ్చిందనే మాట నాకు నమ్మబుద్ధి కాదు. 1947లో మాంగా గీస్తున్న తెజుకా ఒసాముకు డిస్నీ, సినిమా రెండూ గురువులే. అయితే పత్రిక గడువు, సంపాదకుడు, సహాయకుల బృందం, చవక ధర చూడండి. హొకుసాయ్ ప్రచురణకర్త ఈ కాలానికి వచ్చినా తడబడడు. నిహోంగాలో 1993లో డాక్టరేట్ తీసుకున్న మురకామి తకాషి, పెద్ద స్టూడియోలో సహాయకులతో తన నవ్వే పువ్వులను తయారుచేయించడం కూడా ఈ వరుసలోనిదే.

ఈ నేర్పును కాపాడటం ప్రభుత్వ బాధ్యతని జపాన్ ఒప్పుకుంది. 1950 నాటి చట్టం కింద 1955 నుంచి, వస్తువుకు కాక విద్య తెలిసిన మనిషికి గుర్తింపు ఇస్తోంది. జనం వాళ్లను ‘సజీవ జాతీయ సంపద’ అంటారు. ఏడాదికి 20 లక్షల యెన్లు అందుతాయి, వారసులకు నేర్పడం వాళ్ల బాధ్యత. 1956లో ఈ గౌరవం పొందిన సెరిజావా కెయ్‌సుకే అద్దకానికి ప్రేరణ ఒకినావా బట్టలు. ఈ ఏర్పాటుతో చేతిపనికి కొనుగోలుదారులు పెరగరు, శిష్యులు బారులు తీరరు. అది దీని పరిమితి. కానీ పేరున్న కళాకారుడి వెనక పేరులేనివాళ్లు ఉంటారని ఆ చట్టం ఆలస్యంగానైనా గుర్తించింది. 1975లో దాన్ని సవరించి, లక్క చెట్టుకు గాటుపెట్టి పాలు తీసేవాళ్ల నుంచి పనిముట్లు చేసేవాళ్ల దాకా వాళ్ల విద్యలనూ రక్షణ కిందికి తెచ్చారు.