అద్దాలు మార్చినా అక్షరాలు కనపడకపోతే...

వంశపారంపర్యంగా వచ్చే రెటీనా జబ్బుల్లో కొన్ని బడి వయసులోనే బయటపడతాయి. వాటిని ముందే గుర్తిస్తే పోయిన చూపును తెచ్చుకోలేకపోయినా, పిల్లల చదువునూ ఉన్న చూపునూ కాపాడుకోవచ్చు.

బోర్డు మీది అక్షరాలు కనిపించడం లేదని మీ పిల్లవాడు అంటాడు. అద్దాలు వేయిస్తారు. ఆరు నెలలకు వాటినీ మారుస్తారు. అయినా చదివేటప్పుడు ఒక అక్షరం కనిపిస్తే పక్కది మాయమవుతోందని చెబుతాడు. సైకిల్ మాత్రం చక్కగా తొక్కుతాడు. మైపాడు బీచ్‌కి తీసుకెళ్తే అందరితో పాటు పరుగులు తీస్తాడు. దాంతో ‘చదువు తప్పించుకోవడానికి నాటకాలు’ అంటూ ఇంట్లో మందలింపులు మొదలవుతాయి. మందలించే ముందు ఒక్కసారి రెటీనా పరీక్ష చేయించండి. అది ‘స్టార్‌గార్డ్’ జబ్బు కావచ్చు.

మధ్యచూపే ఎందుకు తగ్గుతుంది?

కంటి లోపలి తెర రెటీనా. దాని నట్టనడుమ ఉండే చిన్న భాగం మాక్యులా. చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి, సూదిలో దారం ఎక్కించడానికి ఇదే ఆధారం. మాక్యులా దెబ్బతింటే మధ్యలో మసక మచ్చ ఏర్పడుతుంది, చుట్టూ చూపు మాత్రం మిగులుతుంది. అందుకే నడక, ఆటలు బాగానే సాగినా చదువు దగ్గర ఇబ్బంది వస్తుంది. ఈ జబ్బును జర్మనీ వైద్యుడు కార్ల్ స్టార్‌గార్డ్ 1909లో వర్ణించారు. దాదాపు 8 నుంచి 10 వేల మందిలో ఒకరికి వస్తుందని అంచనా. చాలామందిలో లక్షణాలు 20 ఏళ్లలోపే మొదలవుతాయి. పూర్తిగా గుడ్డితనం రావడం అరుదు.

తప్పు జన్యువుది

వెలుగు పడ్డ ప్రతిసారీ రెటీనా కణాల్లో విటమిన్ ఎ నుంచి తయారైన పదార్థం రూపు మారుతుంది. దాన్ని శుభ్రం చేసి మళ్లీ వాడుకునేలా పంపే పని ఒక ప్రొటీన్‌ది. ఆ ప్రొటీన్ తయారీకి సూచనలిచ్చే జన్యువు పేరు ఏబీసీఏ4. స్టార్‌గార్డ్‌కు ప్రధాన కారణం ఈ జన్యువులోని లోపమేనని 1997లో తేలింది. ప్రొటీన్ సరిగా పనిచేయకపోతే వ్యర్థాలు పేరుకుంటాయి. వాటి భారానికి ముందు రెటీనా అడుగు పొర, ఆపై చూపునిచ్చే కణాలు చనిపోతాయి.

అమ్మానాన్నలకు లేదుగా?

ఓపీలో తరచూ వినిపించే ప్రశ్న ఇది. ప్రతి జన్యువూ మనలో రెండు ప్రతులుగా ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక ప్రతిలో లోపమున్నా రెండోది పని నడిపిస్తుంది. అందుకే తల్లిదండ్రుల చూపు బాగుంటుంది. ఇద్దరిలోనూ లోపమున్న ప్రతి ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఇది తల్లి తప్పు కాదు, దిష్టి కాదు, గ్రహణం ప్రభావం అంతకన్నా కాదు.

కావలి నుంచి వాకాడు వరకు మన తీరప్రాంతంలో మేనరికాలు కొత్త కాదు. మేనత్త, మేనమామ పిల్లలకు జన్యువుల్లో సుమారు ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామ, మేనకోడలికైతే నాలుగో వంతు. ఒకే తాతయ్య నుంచి దిగివచ్చిన లోపం రెండు వైపుల నుంచీ బిడ్డను చేరే అవకాశం అక్కడ పెరుగుతుంది. బయటి సంబంధం చేసుకున్న ఇళ్లలోనూ ఈ జబ్బు రావచ్చు. కాకపోతే ఇంట్లో ఇప్పటికే ఒకరికి ఉంటే, మరో మేనరికం కలిపే ముందు జన్యు సలహా తప్పనిసరి.

‘బెస్ట్’ అనే మరో మాక్యులా జబ్బు దారి వేరు. మాక్యులాపై గుడ్డు పచ్చసొనలా మచ్చ కనిపించే ఈ జబ్బుకు సాధారణంగా బెస్ట్1 జన్యువులో ఒక్క ప్రతి చెడినా చాలు. తల్లికో తండ్రికో ఉంటే ఒక్కో బిడ్డకు సంక్రమించే అవకాశం 50 శాతం.

విటమిన్ ఎ మాత్రలు వద్దు

కంటిచూపు అనగానే మందుల షాపులో విటమిన్ ఎ మాత్రలు, చేపనూనె కొనడం మనకు అలవాటు. విటమిన్ ఎ లోపంతో వచ్చే రేచీకటికి అది సరైన మందే. స్టార్‌గార్డ్‌లో మాత్రం పేరుకునే వ్యర్థాలకు ముడిసరుకు ఆ విటమినే. కాబట్టి జబ్బు నిర్ధారణ అయ్యాక విటమిన్ ఎ మాత్రలు, కాడ్ లివర్ ఆయిల్ డాక్టర్ చెప్పకుండా ఇవ్వకండి. రోజూ తినే చేపలు, మునగాకు, క్యారెట్ మానక్కర్లేదు.

ఏ పరీక్షలు?

తొలిదశలో రెటీనా మామూలుగానే కనిపించవచ్చు. ఓసీటీ స్కాన్, ఆటోఫ్లోరోసెన్స్ ఫొటో, ఈఆర్‌జీ తోడైతే సంగతి తెలుస్తుంది. రక్తంతో చేసే జన్యు పరీక్ష ఏ జన్యువో చెబుతుంది. మనకు దగ్గరలో చెన్నైలోని శంకర నేత్రాలయ, హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్యశాలలో జన్యు సంబంధ కంటి జబ్బులను చూసే విభాగాలున్నాయి. వెళ్లేటప్పుడు మూడు తరాల వివరాలు రాసుకెళ్లండి. ఎవరికి చిన్న వయసులో చూపు తగ్గింది, ఎవరిది మేనరికం అన్నది డాక్టరుకు చాలా ఉపయోగం.

మోసపోకండి

స్టార్‌గార్డ్‌ను నయం చేసే మందు ఇంకా రాలేదు, ప్రయోగాలు జరుగుతున్నాయి. 2017లో అమెరికా అనుమతించిన కంటి జన్యుచికిత్స ఆర్‌పీఈ65 అనే వేరే జన్యువు లోపానికి మాత్రమే. లక్షలు తీసుకుని ‘స్టెమ్‌సెల్ ఇంజెక్షన్‌తో చూపు తెస్తాం’ అనేవారిని నమ్మొద్దు. వయసుతో వచ్చే మాక్యులా జబ్బుకు ఫ్లోరిడాలోని ఓ క్లినిక్‌లో అలాంటి ఇంజెక్షన్లు వేయించుకున్న ముగ్గురు మహిళలు ఉన్న చూపూ తీవ్రంగా పోగొట్టుకున్నారని 2017లో వైద్య పత్రికలో వచ్చింది.

ఇవి మీ చేతిలోనే...

* ఎండలో టోపీ, అతినీలలోహిత కిరణాలను ఆపే చలువ కళ్లద్దాలు వాడించండి. ఇసుక, నీటి మీది ప్రతిఫలనం తీరంలో మరీ ఎక్కువ.
* ఇంట్లో ఎవరూ సిగరెట్, బీడీ కాల్చకండి.
* భూతద్దాలు, పెద్ద అక్షరాల పుస్తకాలు, ఫోన్‌లో చదివి వినిపించే సదుపాయం అలవాటు చేయండి. లో విజన్ క్లినిక్‌లో వీటిని నేర్పిస్తారు.
* బడిలో టీచరుకు విషయం చెప్పి ముందు బెంచీలో కూర్చోబెట్టించండి.
* వైకల్యం 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే సదరం సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయండి. పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుడిని, అదనపు సమయాన్ని కోరవచ్చు.
* అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు లక్షణాలు లేకపోయినా ఒకసారి రెటీనా పరీక్ష చేయించండి.

అద్దాలతో సరికాని చూపును ‘పెద్దయ్యాక అదే పోతుందిలే’ అని వదిలేయొద్దు. ఈ నెలలోనే కంటి డాక్టరును కలిసి, కంటిపాప పెద్దదయ్యేలా చుక్కలు వేసి రెటీనా చూడమని అడగండి.